జాయింట్ వీల్ ఎక్కిన అమ్మవారు

పోయిన నెల మా బడి పిల్లలను హైదరాబాదు పొలిమేరల్లో ఉన్న ఒక పెద్ద వినోదాల పార్కుకు తీసుకెళ్ళారు. ఆడపిల్లల వెంట పెద్ద టీచరమ్మ ఒకరు ఉండాలన్నారు. మోకాళ్ళ నొప్పులతో ఏ ఆటా ఎక్కలేని దాన్ని కాబట్టి, సంచులకు కాపలా కాయడానికి నేనే తగిన మనిషినని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. నేనూ కాదనలేదు. నీళ్ళ సీసాల మధ్య బెంచీ మీద చతికిలబడి, మనుషులను తలకిందులుగా తిప్పే ఒక యంత్రాన్ని చూస్తున్నాను. భుజాల మీదికి ఇనుప కమ్మీలు దిగి టక్కున బిగుసుకుంటాయి. ఆ తర్వాత అరవడం తప్ప ఎవరూ చేయగలిగింది లేదు.

తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి అందులోంచి దిగింది. జడ విడిపోయి జుట్టంతా మొహం మీద పడింది. నిలబడలేక ఊగిపోతోంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు. స్నేహితురాళ్ళు చుట్టూ చేరి ఫోన్లలో వీడియో తీస్తున్నారు. పార్కులో పనిచేసే ఆమె వచ్చి నీళ్ళిచ్చి, "ఫస్ట్ టైమ్ కదా మేడమ్, కామనే" అని తన పని మీద వెళ్ళిపోయింది. అంతకు మించి ఏమీ జరగలేదు. నేను మాత్రం ఆ గుంపులో నిమ్మకాయ పట్టుకొచ్చే మనిషి కోసం, పసుపు పొట్లం విప్పే మనిషి కోసం వెతుకుతున్నానని కాసేపటికి నాకే తెలిసింది. మొహం వేడెక్కింది. ఇన్నేళ్ళయినా ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

మా చిన్నప్పుడు సూర్యాపేటలో ఇలాంటి పార్కులు లేవు. ఎగ్జిబిషన్ వచ్చేది. మిర్యాలగూడలో కొన్నాళ్ళు ఆడి, విప్పిన చక్రాలను, రేకులను లారీల మీద వేసుకొని మా ఊరికి వచ్చేవాళ్ళు. ఇక్కడ జనానికి మోజు తీరాక కోదాడకు పోయేవాళ్ళు. ఊరి బయట ఖాళీ జాగాలో ట్యాంకరుతో నీళ్ళు చల్లి దుమ్ము అణిచేవారు. తడిసిన మట్టి, జనరేటరు డీజిలు, మిర్చి బజ్జీల నూనె, ఆడవాళ్ళ తలల్లోని మల్లెపూలు అన్నీ కలిసి ఒకటే వాసనయ్యేవి. చేటంత అప్పడం మీద కారం చల్లి చేతిలో పెట్టేవారు. దాని వెనక మొహాలు దాచుకొని నేనూ తమ్ముడూ దాగుడుమూతలు ఆడి, ఆట అయిపోయాక ఇల్లు కూల్చినట్టు నాలుగు పక్కల నుంచీ కొరికేవాళ్ళం. మనల్ని పొట్టిగా లావుగా చూపించే వంకర అద్దాలు ఉండేవి. చెక్క బావి గోడల మీద మోటారు సైకిలు తోలే మనిషి ఉండేవాడు. అన్నిటి కంటే ఎత్తున జాయింట్ వీల్ ఉండేది. జెయింట్ అనే మాటకు మా ఊళ్ళో ఎవరి నోరూ తిరగలేదు.

ఎగ్జిబిషన్ లేని రోజుల్లో మా వీల్ మాకుండేది. పాత సైకిల్ రిమ్ముకు అగ్గిపెట్టెలు కట్టి, ఒక్కో పెట్టెలో ఒక్కో మిడతను కూర్చోబెట్టి తిప్పేవాళ్ళం. మిడతలకు మా వీల్ అంటే మర్యాద లేదు, సగం దారిలోనే దూకి పోయేవి. అగ్గిపెట్టెలకు దారాలు కట్టి ఇచ్చేది మా మేనత్త. "మిడతలకు గూడ కిందికి సూస్తె కండ్లు తిరుగుతయేమోనే" అని నవ్వేది.

అత్త నాన్నకు చెల్లెలు. మా తాతకు తిరుమలగిరి వైపు మెట్ట పొలాలు, సూర్యాపేటలో ఎరువుల దుకాణం ఉండేవి. ఊళ్ళో ఏ పంచాయితీ తెగకపోయినా ఆయన్నే పిలిచేవారు. రెండు పక్షాల మాటా ఓపిగ్గా వింటాడని పేరు. ఇంట్లో ఆడవాళ్ళ మాట ఆ లెక్కలోకి రాలేదు, అంతే. అత్తను కోదాడ ఇచ్చారు. చిలుకూరు దగ్గర పొలాలు, కోదాడలో రైస్ మిల్లు ఉన్న ఇల్లు. మామ ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని బట్టల్లో ఉండేవాడు. మాట మెత్తన. వచ్చినప్పుడల్లా క్రీము బిస్కెట్లు తెచ్చేవాడు. మాకు ఆయనంటే ఇష్టమే. అది కూడా చెప్పాలి కదా.

ఒక ఏడాది అత్తకు జ్వరమొచ్చి తగ్గాక పుట్టింటికి తీసుకొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచి ఆమెది ఒకటే మాట. నాయనమ్మ జొన్నరొట్టెలు చేస్తూ, తాత పీట మీద కూర్చుని తింటూ ఉన్నప్పుడు వంటింటి గడప దగ్గర నిలబడి మెల్లగా మొదలుపెట్టేది.

"నేను పోను నాయినా. మిల్లుకు పోయెటప్పుడు తాళమేసుకొని పోతడు."

"దొంగల భయమున్నకాడ తాళమెయ్యక ఏం జేస్తరు బిడ్డా? మంచిదే గద."

"నన్ను లోపట పెట్టి బయట తాళమేస్తడు నాయినా. అత్తమ్మ చిలుకూరు పోతె పొద్దుగూకెదాక నేనొక్కదాన్నే. ఒకనాడు తేలు గుట్టింది. కిటికీలకెల్లి ఒర్రిన. పక్కింటోల్లు ఉరికొచ్చిండ్రు, తాళం సూసి మల్లిపోయిండ్రు."

"తేలు ఎవ్వలకన్న కుడ్తది," అని తాత రొట్టె తుంచి పప్పులో అద్దుకునేవాడు. "జర సర్దుకపోవాలె బిడ్డా. మెల్లెగ అదే మంచిగైతది."

నాయనమ్మ పెనం మీద రొట్టె తిప్పేది. అమ్మ నా వైపు చూసి "నువ్వు పోయి సదువుకో పో" అనేది. నాన్న కూడా అక్కడే ఉండేవాడు. ఆయన హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. ఏ వీధిలో ఎవరికి దయ్యం పట్టిందన్నా పిలవకుండానే వెళ్ళి వాదించి వచ్చే మనిషి. చెల్లెలు మాట్లాడుతున్నంత సేపూ మాత్రం చెంబులో నీళ్ళు తాగుతూ ఉండేవాడు. అన్ని నీళ్ళు ఎలా తాగేవాడో నాకు తెలియదు.

మామ ఆమెను తీసుకెళ్ళడానికి రానే వచ్చాడు. మర్నాడు పొద్దున బస్సుకు ప్రయాణం. ఆడబిడ్డను అత్తవారింటికి సాగనంపేటప్పుడు ఒడిలో పోసే ఒడిబియ్యం కోసం నాయనమ్మ బియ్యంలో పసుపు కలిపి పళ్ళెంలో పెట్టింది. ఎండుకొబ్బరి కుడుకలు, జాకెట్టు ముక్క, తమలపాకులు సర్దింది. సకినాల డబ్బా సంచిలోకి పోయింది. అత్త ఆ పళ్ళెం వైపు చూడనే లేదు. సాయంత్రం తాత మంచి మనసుతోనే అన్నాడు. "రేపు పోయేదే గద బిడ్డా, పిల్లల్ని తీస్కొని ఎగ్జిబిషన్ల తిరిగి రాపో. నీ పానం జర హుషారైతది." చివరికి అందరం బయల్దేరాం. అల్లుడు ఉన్నాడు కాబట్టి తాత కూడా కొత్త తుండు భుజాన వేసుకొని వచ్చాడు.

నాన్న టికెట్లు తెచ్చాడు. వీల్‌కు వేలాడే తొట్టిలో అత్త మధ్యన, నేనూ తమ్ముడూ చెరో పక్కన కూర్చున్నాం. వీల్ నడిపే ఆయన మా ముందు ఇనుప కడ్డీ అడ్డంగా వేసి, అవతలి వైపు కొక్కెం బిగించాడు. అత్త దాన్ని కదిపి చూసింది.

"లోపటికెల్లి తియ్యరాదా అన్నా?"

"తియ్యరాదమ్మా. అందుకే గద ఏసేది," అని ఆయన నవ్వుకుంటూ పక్క తొట్టి వైపు పోయాడు.

మొదట బాగానే తిరిగాం. తొట్టి కిందికి జారినప్పుడల్లా తమ్ముడు కేకలు పెట్టాడు. అత్త గట్టిగా నవ్వింది. కోదాడ నుంచి వచ్చాక ఆమె అలా నవ్వడం అప్పుడే చూశాను. మా తొట్టి పైకి చేరిన సమయంలో జనరేటరు దగ్గి ఆగిపోయింది. దీపాలన్నీ ఒక్కసారే పోయాయి. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. కింద దుకాణాల రేకులు, వాటి అవతల హైవే, దాని మీద లైట్లు వేసుకొని పోతున్న లారీల వరస కనిపిస్తున్నాయి. తొట్టి కిర్రుమంటూ ఊగుతోంది.

"గదే కోదాడ తొవ్వ," అంది అత్త.

తమ్ముడికి సరిగ్గా అప్పుడే ఒంటికి వచ్చింది. వాడు కాళ్ళు ముడుచుకొని ఏడుపు లంకించుకున్నాడు. నేను వాణ్ణి తిడుతున్నాను. అత్త చేయి కొక్కెం మీదికి పోయింది. మొదట మెల్లగా లాగింది, తర్వాత రెండు చేతులతో లాగింది. "తియ్యిండ్రి" అంది. ఎవరితో అంటోందో నాకు అర్థం కాలేదు. "తియ్యిండ్రి! తాళం తియ్యిండ్రి! నేనుండ, నేను గీడ ఉండ!" ఆమె చేతులు చల్లగా, చెమటగా ఉన్నాయి. జనరేటరు మళ్ళీ అందుకొని వీల్ ఒక్క కుదుపుతో కదిలింది. ఆ కుదుపుకు అత్త పెట్టిన కేక నా చెవిలో చాలాసేపు ఉండిపోయింది. ఇక ఆగలేదు. జడ ఊడిపోయింది. తల అటూ ఇటూ కొట్టుకుంటోంది. కిందికి దిగుతుంటే వరసలో నిలబడ్డ మా క్లాసు పిల్లలు నోళ్ళు తెరుచుకొని మా తొట్టి వైపే చూస్తున్నారు. అప్పటి దాకా నాకు భయమే వేసింది. వాళ్ళను చూశాక భయం పోయి సిగ్గు వచ్చింది. "అత్తా, ఊకో అత్తా, మా బడోల్లు సూస్తుండ్రు" అని ఆమె కొంగు లాగాను.

కొక్కెం తీసినా అత్త దిగలేదు. కడ్డీ పట్టుకొని ఒళ్ళంతా వణుకుతూ ముందుకూ వెనక్కూ ఊగుతోంది. బొంగుపేలాలు అమ్ముకునే అవ్వ ఒకామె గంప దించి దగ్గరికొచ్చి చూసి, చెంపలు వేసుకుంది.

"అమ్మోరొచ్చింది! నీళ్ళు దెండ్రి, పసుపు దెండ్రి!"

ఇక చెప్పాలా. సోడా బండి వాడు కోసి పెట్టుకున్న నిమ్మకాయలు పట్టుకొచ్చాడు. ఎవరో ఒకామె కొంగున మూటగట్టుకున్న పసుపు విప్పింది. చెక్క బావి ముందు జనాన్ని పిలవడానికి డప్పు కొట్టే ఇద్దరు అక్కడి పని వదిలేసి ఇక్కడికొచ్చి దరువు అందుకున్నారు. అత్త నెత్తిన బిందెడు నీళ్ళు పోశారు. నాన్న గుంపును తోసుకుంటూ వచ్చి, "అమ్మోరు లేదు, గిమ్మోరు లేదు. పిల్ల భయపడ్డది. జర గాలాడనియ్యిండ్రి" అన్నాడు.

"సారూ, నువ్వు జర పక్కకు జరుగు. తల్లికి కోపమొస్తది," అని ఎవరో ఆయన్ను భుజం పట్టి వెనక్కి లాగారు.

అవ్వ అత్త ముందు చేతులు జోడించింది. "ఎవలు తల్లీ నువ్వు? ముత్యాలమ్మవా, మైసమ్మవా? ఎందుకొచ్చినవ్? నీకేం గావాలె?"

అత్త తల ఎత్తింది. తడి జుట్టులోంచి గుంపంతా వెతికి తాతను పట్టుకుంది.

"నాయినా, నేను పోను. తాళమేసి పెడ్తడు. నేను కోదాడకు పోను. నన్ను పంపకు నాయినా."

అవి వంటింట్లో చెప్పిన మాటలే. ఒక్క ముక్క అదనంగా లేదు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, అంతే తేడా. తాత చెప్పులు విడిచాడు. కొత్త తుండు నడుముకు చుట్టుకొని ఆ బురదలో సాగిలపడ్డాడు.

"తప్పయింది తల్లీ! నీ బిడ్డను పంపను. కోదాడ దిక్కు మొకం బెట్టను. శాంతించు తల్లీ, మా ఇంటి మీద కోపం బెట్టుకోకు!"

తండ్రి తన కాళ్ళ మీద పడగానే అత్త ఊగడం ఆగింది. పాదాలు వెనక్కి తీసుకుంది. నేను ఆమె పక్కనే ఉన్నాను కాబట్టి మొహం దగ్గరగా చూశాను. నిద్రలోంచి లేపినట్టుగా ఉంది. ఏదో అనబోయింది కూడా. ఇంతలో డప్పు గట్టిగా మోగింది. అత్త కళ్ళు మూసుకొని మళ్ళీ ఊగడం మొదలుపెట్టింది.

మామ జేబురుమాలుతో బట్టల మీద పడ్డ పసుపు నీళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటండీ మామయ్యగారూ ఇదంతా? కళ్ళు తిరిగాయి, అంతే కదా. రేపు పొద్దున్నే బయల్దేరాలి మేము. అక్కడ మిల్లు దగ్గర ఎవరూ లేరు."

"కండ్లు పోతయ్ అల్లుడా! తల్లి నోట మాటెల్లినంక ఎట్ల పంపుత?" అని తాత గద్దించాడు. అల్లుడి ముందు ఆయన గొంతు లేవడం అదే మొదలు. మామ ఆ రాత్రే ఒక్కడే కోదాడ బస్సెక్కాడు. మర్నాడు నాయనమ్మ అదే పసుపు బియ్యం అత్త ఒడిలోనే పోసింది. పంపడానికి కలిపిన బియ్యం అమ్మవారికి మొక్కుగా చెల్లిపోయింది. వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్న నాన్నను అమ్మ మెల్లగా అడిగింది.

"నిజంగ అమ్మోరేనంటరా?"

"కాదని నేనంటె ఇప్పుడే ఆమెను బస్సెక్కియ్యాలె. అనమంటవా?"

అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

ఎగ్జిబిషన్ వాళ్ళు మా కంటే తెలివైనవాళ్ళు. వీల్‌కు పూలదండ వేసి, నిమ్మకాయలు కట్టి, ఒక తొట్టిని ఎవరినీ ఎక్కనీయకుండా అమ్మవారి కోసమని ఖాళీగా తిప్పారు. కోదాడలో కూడా అదే పద్ధతి. సూర్యాపేటలో అమ్మవారు ఎక్కిన వీల్ ఇదేనని మైకులో చెప్పారట. "మీ కోడలేనటగా" అని కోదాడంతా అత్త వాళ్ళ అత్తగారిని అడిగారు. ఆమె చీర, గాజులు తీసుకొని మా ఇంటికి వచ్చింది. దూరం నుంచే దండం పెట్టింది. "మా ఇంట్లో అంత మడిగా ఉండటం మావల్ల కాదండీ. అమ్మవారు ఎక్కడ ఉంటానంటే అక్కడే ఉండనివ్వండి" అంది. తర్వాత పెద్దమనుషులు కూర్చుని తెగదెంపులు చేశారు.

అత్త బయటపడింది. కానీ అమ్మవారు దిగిపోయిందంటే మళ్ళీ పంపేస్తారన్న భయం ఆమెకు పోలేదు. మంగళవారం వస్తే తలంటు పోసుకొని జుట్టు విరబోసుకొని కూర్చునేది. జనం వచ్చేవారు. తప్పిపోయిన గేదెలు, పడని బోర్లు, కుదరని పెళ్ళిళ్ళు, అన్నీ అడిగేవారు. నాయనమ్మ ఆమె కాళ్ళు కడిగి ఆ నీళ్ళు మా నెత్తిన చల్లేది. బుధవారం పొద్దున అదే అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతుంటే, అదే నాయనమ్మ "ఇంత సేపా" అని కసిరేది.

నాన్న మంగళవారాలు పెరట్లో కూర్చునేవాడు. వచ్చినవాళ్ళకు కుర్చీలు ఆయనే వేయాల్సి వచ్చేది. బడిలో మూఢనమ్మకాల పాఠం వచ్చినప్పుడు, "సార్, అమ్మోరు జాయింట్ వీల్ ఎక్కొచ్చా సార్?" అని వెనక బెంచీ వాళ్ళు అడిగారట. ఆయన పాఠం సగంలో ఆపి లెక్కలు చేయించాడని మా పక్కింటి పిల్ల చెప్పింది. నన్నూ వదల్లేదు. నేను నడుస్తుంటే వెనక నుంచి డబ్బా మీద దరువు వేసేవాళ్ళు. నేను ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి అత్త మీద అలిగేదాన్ని. అలిగినా, అమ్మవారికి కొట్టిన కొబ్బరి చిప్పలు మాత్రం తమ్ముడితో కలిసి గడ్డివాము చాటున లాగించేదాన్ని.

ఒకరోజు అక్కడే వాణ్ణి అమ్మవారిని చేశాను. అమ్మ పాత చీర చుట్టి, నెత్తి మీద ఎండుగడ్డి జుట్టుగా పెట్టాను. "ఎవలు తల్లీ నువ్వు? నీకేం గావాలె?" అన్నాను. "నాకు లెక్కలు చెప్పొద్దు! రోజూ అప్పడం గావాలె!" అని వాడు ఊగాడు. వెనక అలికిడైంది. తిరిగి చూస్తే అత్త. ఇద్దరం బిగుసుకుపోయాం. అత్త వాడి నెత్తి మీది గడ్డి సరిచేసింది.

"ఇంకింత గట్టిగ ఊగాలెరా. గప్పుడే వింటరు," అంది. నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. తట్టలో పిడకలు ఏరుకొని వెళ్ళిపోయింది.

మరుసటి ఎండాకాలంలో మిర్యాలగూడ నుంచి కొందరు మా ఇంటికి వచ్చారు. మామకు రెండో సంబంధంగా తమ పిల్లను అడుగుతున్నారట. మొదటి పెళ్ళి ఎందుకు చెడిందో కనుక్కుందామని వచ్చారు. పిల్ల తండ్రి, ఒక పెద్దాయన కుర్చీల్లో కూర్చున్నారు. పిల్ల తల్లి తలుపు పక్కన చాప మీద కూర్చుంది. నేను నీళ్ళ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకొని నిలబడ్డాను.

"పిలగాడు మంచోడే," అన్నాడు తాత. "సిగరెట్ లేదు, తాగుడు లేదు. మా పిల్లకే అమ్మోరొచ్చింది. ఆయన తప్పేం లేదు."

అబద్ధం చెబుతున్నానని తాత అనుకోలేదు. ఆయన నిజంగానే అలా నమ్మాడు. అత్త వంటింట్లోంచి వచ్చింది. ఆ రోజు మంగళవారం కాదు. నున్నగా దువ్వి జడ వేసుకొని ఉంది.

"అన్నా, మీ పిల్లను ఆ ఇంట్ల ఇయ్యకుండ్రి. లోపట పెట్టి బయట తాళమేస్తడు," అంది మామూలు గొంతుతో.

పిల్ల తండ్రి తాత వైపు చూశాడు. తాతకు ఇబ్బందైంది. "నువ్వు లోపటికి పో బిడ్డా. మొగోల్లు మాట్లాడుతుండ్రు గద."

అత్త కదల్లేదు. తర్వాత జడ ముందుకు వేసుకొని, రిబ్బను లాగి, అందరూ చూస్తుండగానే ఒక్కో పాయా విప్పింది. తల విదిల్చింది. ఊగడం మొదలుపెట్టింది. లోపలికి పొమ్మన్న తాత కుర్చీలోంచి దిగ్గున లేచి రెండు చేతులూ జోడించాడు. "తల్లీ..." అన్నాడు వణుకుతూ.

పెద్దాయన నవ్వాడు. "గిసొంటియి మేం గూడ మస్తు సూసినం బావా. ఇడిసిపెట్టిన పిల్ల, సవతొస్తదంటె ఊకుంటదా? లేవుండ్రి, పోదాం."

నాన్న తల దించుకున్నాడు. అంత సిగ్గు నేను ఎగ్జిబిషన్‌లో కూడా పడలేదు. ఆపేస్తే బాగుండు, ఇంకెవరైనా వచ్చి అత్తను లోపలికి తీసుకెళ్తే బాగుండు అనుకున్నాను. ఆమె ఆపలేదు. ఆ నవ్వు విన్నాక ఇంకా గట్టిగా ఊగింది. మగవాళ్ళు చెప్పులు వేసుకుంటున్నారు.

పిల్ల తల్లి మాత్రం వాళ్ళ వెంట పోలేదు. చాప మీంచి లేచి వచ్చి అత్త రెండు భుజాలూ పట్టుకుంది.

"చెల్లె, గదంత ఇడిసిపెట్టు. ఊగకు. గిట్ల కూసో. మామూలుగ జెప్పు, నేనింట."

అత్త ఊగడం ఆగిపోయింది. పిల్ల తల్లి ఆమెను చాప మీద కూర్చోబెట్టింది. తాళం పొద్దున ఎప్పుడు వేస్తాడు, తిండి ఎవరు పెడతారు, అడిగితే ఏమంటాడు, ఒక్కొక్కటీ అడిగింది. అత్త చెప్పింది.

"మల్ల దొడ్డికి పోవాల్నంటె?"

అత్త తల వంచుకుంది. దొడ్డి పెరటి చివర ఉంటుందని, తాళం వేశాక అటు పోయే దారి లేదని, మూలన పాత నూనె డబ్బా ఒకటి పెట్టాడని, ఆయన వచ్చి తాళం తీశాక ఆయన ముందే దాన్ని బయటికి మోసుకుపోవాలని చెప్పింది. చెబుతున్నంత సేపూ చీర అంచు వేళ్ళకు చుట్టుకుంటూ ఉంది.

ఆ సంబంధం కలవలేదని తర్వాత తెలిసింది. అత్త కూడా మళ్ళీ ఎన్నడూ జుట్టు విరబోసుకోలేదు. మంగళవారం వచ్చిన జనం కొన్నాళ్ళు గొణుక్కొని మానేశారు. కుట్టుమిషను నేర్చుకొని, మా వీధి ఆడవాళ్ళ జాకెట్లన్నీ కుట్టి, మా అందరి మీదా పెత్తనం చేస్తూ చాలా కాలం బతికింది. మమ్మల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఏడాది పాటు ఆమె కాళ్ళు కడిగిన నీళ్ళు నెత్తిన చల్లుకున్నాం. దొడ్డికి ఎలా పోయేదానివని మా ఇంట్లో ఒక్కరమూ అడగలేదు. ఏ ఊరి నుంచో వచ్చిన ఆమె అడిగింది.

మిర్యాలగూడ వాళ్ళు వచ్చిన ఆ మధ్యాహ్నం తాత చేతులు జోడించినవాడు జోడించినట్టే ఉండి అంతా విన్నాడు. మెల్లగా ఆ చేతులు దించి, గోడకు ఆనుకొని కింద కూలబడ్డాడు.

"గింత జరిగిందా బిడ్డా? నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

అత్త ఆయన వైపు తిరగలేదు. ఆ మిర్యాలగూడ ఆమె మొహంలోకే చూస్తూ, మిగిలింది ఆమెకే చెప్పుకుంటూ పోయింది.